ఐదువందల నలభై ఒక్క మైక్రాన్లు

నా కుడికంటి మందం ఐదువందల నలభై ఒక్క మైక్రాన్లు. గొప్పకు చెప్పుకుంటున్నది కాదు, మా పరిశోధనా కేంద్రం గోడ మీద ఎర్రరంగుతో రాసిపెట్టిన సంగతి. మందం అంటే కంటి మొత్తానిది కాదు, నల్లగుడ్డు మీద గాజుబిళ్ళలా ఉండే పొరది. కార్నియా అంటారు దాన్ని. అర మిల్లీమీటరుకు రవ్వంత ఎక్కువ ఉంటుంది. ఆ రవ్వంత చుట్టూనే నా ఉద్యోగం, నా పేరు, మా అన్నయ్య బతుకు, వదిన బతుకు తిరిగాయి.

రోజూ పొద్దున తొమ్మిదింటికి ఎడమకంటికి నల్లబిళ్ళ కట్టుకుని గుమ్మంలోంచి ముప్ఫైసార్లు నడిచేదాన్ని. గుమ్మం అంటే ఇంటి గుమ్మం కాదు, డాక్టర్ ఉమాపతి గారు పన్నెండేళ్ళు కష్టపడి చేసిన యంత్రం. రెండు నిలువు కమ్ములు, పైన ఒక అడ్డకమ్మి, మధ్యలో కనీకనిపించని వంగపండు రంగు వెలుగు. మనిషి దాటి వెళ్ళేలోపల కార్నియాను నాలుగువేల చోట్ల కొలిచేస్తుంది. ఐదువందల మైక్రాన్ల పైన ఉంటే మళ్ళీ ఒక్కసారి నడవమంటుంది. ఈసారి వెలుగు ముదురుగా వచ్చి కార్నియా వంపు సరిచేస్తుంది. అవతలికి చేరేసరికి కళ్ళజోడు అక్కర్లేదు. కత్తి లేదు, కట్టు లేదు. ఐదువందలకు తక్కువుంటే మాత్రం చెయ్యకూడదు. పలచటి పొర ఇంకా పలచబడి లోపలి ఒత్తిడికి ఉబ్బుతుంది. ఇక ఆ కంటికి ఏదీ సూటిగా కనపడదు.

కొలిచే యంత్రాన్ని రోజూ దేనితోనో సరిచూసుకోవాలి కదా. గాజుకన్ను పెట్టి చూశాం. కన్నీటి తడి ఉన్నచోటే గుమ్మం వెలుగు నిలుస్తుంది, పొడి గాజు మీద జారిపోతుంది. అందుకని ప్రాణమున్న కన్నే కావాల్సి వచ్చింది. పన్నెండుమంది సిబ్బందిలో నా కుడికన్ను అందరికన్నా నిలకడగా ఉందని తేల్చారు. అదే పద్ధతి అయిపోయింది. నేను నడవాలి, గుమ్మం ఎంత చూపినా మర తిప్పి ఐదువందల నలభై ఒకటికి తేవాలి, ఆ తర్వాతే మిగతా జనాన్ని పిలవాలి. పక్కనే కార్నియాను ఫొటో తీసి మందం కొలిచే ఫ్లాష్ కెమెరా ఒకటి ఉండేది, దానికీ నా కన్నే ఆధారం. "ఏం నాంచారమ్మ గారూ, ఇవాళ కన్ను తెచ్చారా, ఇంట్లో మర్చిపోయారా?" అని ఆటపట్టించేవాళ్ళు. నేను పొంగిపోయేదాన్ని. పెడనలో కలంకారీ అచ్చులు చెక్కుకునే ఇంట పుట్టినదాని కన్ను ఒక యంత్రానికి ప్రమాణం కావడం చిన్న సంగతా?

మూడు పరికరాల్లో ఏది ఎక్కువ నమ్మదగినదో తేల్చే పరీక్ష కూడా నాకే అప్పగించారు. గుమ్మం ఒకటి, కెమెరా ఒకటి, మూడోది పాతకాలపు ప్రోబ్. కంట్లో చుక్కలమందు వేసి, కొనను నేరుగా కార్నియాకు ఆనించి కొలుస్తారు దాంతో. మేం దాన్ని పుల్ల అనేవాళ్ళం. పుల్ల పట్టే మనిషి దైవసహాయం గారు. ఇరవయ్యారేళ్ళ సర్వీసు, చెయ్యి వణకదు, మాట పెగలదు. ఒకే మనిషిని ఒక్కో పరికరంతో మూడేసిసార్లు కొలవడం, ఆ మూడింటి మధ్య ఎంత తేడా వచ్చిందో చూడడం, పరికరానికీ పరికరానికీ ఎంత పొత్తు కుదిరిందో చూడడం, ఇదీ పని. సోమవారం సోమవారం నా కన్ను కూడా మూడింటితో కొలిచేవాళ్ళం.

రెండున్నరేళ్ళకు పైగా కొలిచాం. గుమ్మం మూడుసార్లూ ఒకటే చెప్పేది, తేడా వస్తే ఒక్క మైక్రాను. పుల్ల రెండూ మూడూ అటూఇటూ ఊగేది. అంతకన్నా పెద్ద లోపం ఇంకోటి కనపడింది. మొదట్లో మూడూ దగ్గరదగ్గరగానే ఉండేవి. నెలలు గడిచేకొద్దీ పుల్ల కొలతలు మిగతా రెంటికన్నా కిందికి జారిపోతూ వచ్చాయి. చివరి సోమవారం నా కన్నే ఐదువందల పదిహేడని చూపించింది. నేను నవ్వాను.

"పుల్లకు వయసైపోయింది లెండి," అన్నాను.

దైవసహాయం గారు డబ్బీలోంచి ఒక ప్లాస్టిక్ బిళ్ళ తీశారు. ప్రోబ్‌తో పాటు కంపెనీవాళ్ళు ఇచ్చింది, సరిగ్గా ఐదువందల మైక్రాన్ల మందం. "పొద్దున్నే దీనిమీద చూసుకునే వచ్చానమ్మా. ఐదొందలంటే ఐదొందలే చూపించింది."

"గుమ్మం, కెమెరా రెండూ ఒకే మాట చెప్తున్నాయి కదండీ. రెండూ తప్పయి మీదొక్కటే ఒప్పవుతుందా?"

"రెండూ ఒక్కలాగే చెప్తన్నయ్యంటే, ఇద్దరు పిల్లలూ ఒకే పలక చూసి రాశారేమో అది కూడా చూడాలి గదమ్మా," అన్నారాయన. అంతకుమించి వాదించలేదు.

నాకు చిరాకేసింది. పరీక్ష ఫలితాల్లో 'ప్రోబ్ కొలతలు కాలక్రమంలో దిగజారుతున్నాయి, నమ్మదగినవి కావు' అని నేనే రాశాను. అది అచ్చయింది. పుల్ల బీరువాలోకి పోయింది. దైవసహాయం గారిని కళ్ళజోళ్ళ ఫ్రేములు అమ్మే కౌంటరులో కూర్చోబెట్టారు. ఆయన మీద నాకేం కక్ష లేదు. ఆ రోజు నేను సంతోషంగా ఉన్నాను, అంతే. ఇప్పుడు తలుచుకుంటే కక్ష ఉండి చేసినా ఇంత సిగ్గుగా ఉండేది కాదనిపిస్తుంది.

ఆ ఫలితాలు చూసే గుమ్మానికి అనుమతి వచ్చింది. వచ్చిన మర్నాడే నేను పెడన వెళ్ళాను.

మా అన్నయ్య ఏడుకొండలు టేకుచెక్క మీద అచ్చులు చెక్కుతాడు. సున్నం పూసిన చెక్క మీద వదిన రమణమ్మ పెన్సిలుతో తీగలూ చిలకలూ గీస్తుంది, అన్నయ్య ఉలితో తొలుస్తాడు. నూలుపోగంత గీత పైకి నిలవాలి, చుట్టూ ఉన్న చెక్క పోవాలి. ఇద్దరికీ దళసరి కళ్ళజోళ్ళు.

"చెమటకి జోడు జారుద్దే. అది ఎగదోసుకునేలోపల ఉలి గీత దాటిపోద్ది," అనేవాడు అన్నయ్య. అయినా గుమ్మం అంటే జంకాడు. "ఉన్న చూపుతో బండి నడుస్తంది గదా. ఎందుకొచ్చిన గొడవ?"

"కొలిచేది నేను అన్నయ్యా. నా కన్ను పెట్టి సరిచూసిన యంత్రం. నా మీద నమ్మకం లేదా?" అన్నాను.

ఆ మాటకు వచ్చాడు. గుమ్మం ఐదువందల రెండు చూపింది. "రెండు ఎక్కువే ఉంది, రా," అని నేనే చెయ్యి పట్టుకుని రెండోసారి నడిపించాను. అవతలికెళ్ళి కళ్ళజోడు తీసి గోడ మీది అక్షరాలు చదివి, చిన్నపిల్లాడిలా వెనక్కి తిరిగి నావంక చూశాడు. మూడునెలల తర్వాత వదిన వచ్చింది. ఆమెది ఐదువందల పదకొండు. వాళ్ళని చూసి పెడన నుంచి ఇంకో నలభైమంది దాకా వచ్చారు.

పది నెలలు నిండాక అన్నయ్య ఫోన్ చేశాడు. "నాంచారీ, గీత రెండు గీతల్లాగా కనపడతంది. ఒకసారి వచ్చిపోవే."

వెళ్ళాను. కొత్తగా చెక్కిన అచ్చు నా చేతిలో పెట్టాడు. మల్లెతీగ. ప్రతి గీత పక్కనా వెంట్రుకవాసి దూరంలో ఇంకో గీత ఉంది. ప్రతి ఆకుకూ రెండు అంచులు. "మీ వదిన గీసింది ఒకటేనంట. నాకు రెండు కనపడతన్నయ్యి. ఏది అసలుదో తెలీక రెండూ చెక్కా," అన్నాడు.

ఉమాపతి గారు కళ్ళు పొడిబారి ఉంటాయన్నారు, చుక్కలమందు రాశారు. ఆ నెలలోనే అలాంటివాళ్ళు పదకొండుమంది వచ్చారు. గుమ్మంలో మళ్ళీ కొలుద్దామంటే వీలుకాదు. ఆ ముదురు వెలుగు తగిలిన కార్నియా నీరు పట్టి ఉంటుంది, ఏడాదిన్నర దాకా దాని అసలు మందం ఏ పరికరానికీ అందదు. అది మొదటినుంచీ తెలిసిన సంగతే. అప్పటికి భయపడాల్సింది ఏముందని ఊరుకున్నాం.

అన్నయ్య అచ్చు నా బల్లమీదే ఉండేది. ఒక పొద్దున గుమ్మం పని ముగించి, ఎడమకంటి బిళ్ళ ఇంకా విప్పకుండానే దాన్ని చేతిలోకి తీసుకున్నాను. తీగకు నాలుగు గీతలు కనిపించాయి.

కుడికన్ను మసకేస్తోందని నాకు తెలియక కాదు. ముప్ఫైసార్లు ఆ వెలుగులో నడిస్తే ఎవరికైనా కాసేపు మసకేస్తుందని సరిపెట్టుకున్నాను. అనుమానం వచ్చినప్పుడల్లా గుమ్మంలోనే చూసుకున్నాను. గుమ్మం ఐదువందల నలభై ఒకటి అనే చెప్పింది. మేం రోజూ మర తిప్పి దాని చేత చెప్పిస్తున్న మాటే అది.

నేరుగా ఫ్రేముల కౌంటరుకు వెళ్ళాను. దైవసహాయం గారు నా మొహం చూసి లేచారు. బీరువా తెరిచి పుల్ల తీశారు, ప్లాస్టిక్ బిళ్ళ మీద ఆనించారు. ఐదువందలు. నా కంట్లో చుక్కలు వేసి కొలిచారు. నాలుగువందల డెబ్బై. మళ్ళీ కొలిచారు, అరవై తొమ్మిది. ఇంకోసారి, డెబ్బై ఒకటి.

ఆ కుర్చీలో కూర్చుని లెక్క వేసుకున్నాను. గుమ్మం వెలుగు దాటిన ప్రతిసారీ కార్నియా కాస్త అరుగుతుంది. సగటున మైక్రానులో ఐదువందలో వంతు, అంతే. ఒకసారో రెండుసార్లో నడిచినవాళ్ళకు లెక్కలోకి రాదు. నేను నాలుగేళ్ళలో ముప్ఫయ్యారువేలసార్లు నడిచాను. గోడ మీద అంకె అక్కడే ఉంది, దాని కింద నా కన్ను కరిగిపోయింది. అది కరిగినంతమేరా మేం రోజూ మర తిప్పి, వచ్చినవాళ్ళందరి కళ్ళనూ లేని మందానికి పెంచుకుంటూ పోయాం. కెమెరా కూడా అదే పలక చూసి రాసింది. నిజం చెప్పింది పుల్ల ఒక్కటే.

ఉమాపతి గారు వింటూ వింటూ కుర్చీలో కూలబడ్డారు. "ఎంతమందికి చేశాం?" అన్నారు.

పద్నాలుగు నెలల్లో పదకొండువందల నలభైమందికి. వాళ్ళలో నిజంగా ఐదువందల పైన ఉన్నవాళ్ళకు ఏమీ కాదు. నాలుగువందల ఎనభైకీ ఐదువందలకూ మధ్య ఉన్నవాళ్ళకు, నడిచిన ఏడాదిన్నర లోపల కార్నియా గట్టిపడే మందు వేస్తే చూపు నిలుస్తుంది. ఎనభైకి దిగువున్నవాళ్ళకు ఏ మందూ లేదు. పొర అంచుదాకా పలచబడుతుంది కాబట్టి వేరేవాళ్ళ కార్నియా తెచ్చి కుట్టినా కుట్టు నిలవదు. పోనీ అందరికీ ఆ మందు వేసేద్దామంటే, అవసరంలేని కంట్లో అది పువ్వు వేయిస్తుంది. కాబట్టి ఎవరికెంతో తెలియాలి. అది తెలియాలంటే వాళ్ళు నడిచిన రోజున నా కన్ను ఎంత అరిగి ఉందో తెలియాలి. పద్నాలుగు నెలల కిందట ఐదువందల పదిహేడు, ఇవాళ నాలుగువందల డెబ్బై. మధ్యలో ముందు వేగంగా అరిగిందా, వెనక వేగంగా అరిగిందా? సోమవారాల కొలత సాగి ఉంటే తెలిసేది. దాన్ని ఆపించింది నేనే.

అన్నయ్యకు ఫోన్‌లో చెప్పకూడదని పెడన వెళ్ళాను. అరుగు మీద కూర్చుని ఉన్నాడు, చేతిలో ఉలి లేదు. అంతా చెప్పాను. అతను నడిచింది మొదటి వారంలో కాబట్టి అతని లెక్క ఖాయంగా తెలిసిపోయింది. ఐదువందల రెండు కాదు, నాలుగువందల డెబ్బై తొమ్మిది. ఒక్క మైక్రాను తక్కువ.

తిడతాడనుకున్నాను. తిడితే బాగుండును. లోపల వదిన పెన్సిలు చెక్కుకుంటున్న చప్పుడు వినిపిస్తోంది. అన్నయ్య గొంతు తగ్గించి, "నాది పోయింది, సరే. మీ వదినది?" అన్నాడు.

"తెలీదు అన్నయ్యా. ఎనభై నాలుగు ఉండొచ్చు. డెబ్బై ఒకటి ఉండొచ్చు."

"తెలుసుకోవే," అన్నాడు. "ఎట్టాగైనా తెలుసుకో. నేనేం అడగను ఇంక."

తెలుసుకునే దారి ఒకటుందని బస్సులో తిరిగొస్తుంటే తట్టింది. నాలుగేళ్ళూ నల్లబిళ్ళ కింద దాచిన నా ఎడమకన్ను ఉంది. గుమ్మం మొదలైన రోజున కుడికంటితో సమంగా ఉన్న కన్ను, ఒకే మనిషి కన్ను. దాన్ని కూడా ముప్ఫయ్యారువేలసార్లు నడిపించి, మధ్యమధ్య పుల్లతో కొలుచుకుంటూ పోతే కుడికన్ను ఏ దశలో ఎంత అరిగిందో బయటపడుతుంది. రోజుకు తొమ్మిదివందల చొప్పున నలభై రోజుల పని.

"నేను ఒప్పుకోను నాంచారమ్మా," అన్నారు ఉమాపతి గారు. "నా కన్ను పెడతాను."

"మీ కన్ను నా కన్ను కాదు సార్. మీది మీ లెక్కన అరుగుతుంది." 

ఆయన బల్ల మీద తల పెట్టుకుని ఏడ్చారు. అంత పెద్దమనిషి ఏడుస్తుంటే చూడలేక బయటికి వచ్చేశాను. మర్నాడు పొద్దున తొమ్మిదింటికి గుమ్మం ఉన్న గది తలుపు ఆయనే తీశారు.

ఈసారి బిళ్ళ కుడికంటికి కట్టుకున్నాను. నడిచాను. రోజుకు నాలుగుసార్లు ఆగి దైవసహాయం గారి ముందు కూర్చునేదాన్ని. ఆయన పుల్ల ఆనించి, అంకె గట్టిగా చదివి, కాగితం మీద వేసేవారు. మొదటిరోజు ఐదువందల నలభై. పదోరోజు ఐదువందల ముప్ఫై నాలుగు. ఇరవై ఎనిమిదో రోజు కుడికన్ను చేరిన ఐదువందల పదిహేడు దగ్గరకు చేరింది. అక్కణ్ణుంచే మాకు కావాల్సిన దారి. నాకు భయమేసింది. అప్పటిదాకా బాగున్న కన్ను ఆ రోజు గోడ మీది ఎర్ర అంకెల అంచులు చెదిరినట్టు చూపించింది.

"ఆపేద్దామా అమ్మా?" అన్నారు దైవసహాయం గారు.

"ఇక్కడ ఆపితే ఇన్నాళ్ళూ నడిచింది దండగ కదండీ."

"మీకు చెప్పకూడదుగానీ, ఆ రోజు ఇంకొంచెం గట్టిగా పోట్లాడాల్సింది నేను." ఆయన పుల్ల కొనను దూదితో తుడుస్తూ ఉండిపోయారు. "బిళ్ళ చేతిలో పెట్టుకుని కూడా నోరు మూసుకున్నా."

నేను ఆయనకు క్షమాపణ చెప్పాలనుకుంటూ అప్పటికి నెల గడిచింది. అప్పుడు కూడా చెప్పలేదు. లేచి మళ్ళీ గుమ్మం వైపు నడిచాను.

ఆ తర్వాత జోరుగా జారింది. ముప్ఫయ్యో రోజు ఐదువందల ఆరు. ముప్ఫై ఒకటో రోజు నాలుగువందల తొంభై తొమ్మిది. అక్కణ్ణుంచి మళ్ళీ నెమ్మదించి, నలభయ్యో రోజు డెబ్బై దగ్గర ఆగింది. అంటే ఆ పద్నాలుగు నెలల్లో ముందే వేగంగా అరిగింది. ఏ రోజు ఎవరు నడిచారో, ఆ రోజుకు నా కుడికన్ను ఎన్నిసార్లు నడిచి ఉందో పొత్తు కలుపుకుంటూ ఉమాపతి గారు పదకొండువందల నలభై పేర్లకూ సరైన మందం రాశారు. దైవసహాయం గారు నాకు చదివి వినిపించారు, ఎందుకంటే అప్పటికి నాకు అక్షరం ఆనడం లేదు. దీపం తెలుస్తుంది, మనిషి తెలుస్తాడు, మొహం తెలియదు. ఏడువందల పైచిలుకు మందికి భయం లేదు. మందు పనికొచ్చేవాళ్ళు నూట నలభై ముగ్గురు. వాళ్ళకు ఆ మధ్యాహ్నమే కబురు పెట్టడం మొదలుపెట్టారు. అది మంచిపనే, నేను కాదనను. కానీ నేను వింటున్నది ఒక్క పేరు కోసం. నూట నలభై మూడు పేర్లూ అయిపోయాయి, అది రాలేదు.

"రమణమ్మ, పెడన. నాలుగువందల డెబ్బై ఒకటి," అన్నారు దైవసహాయం గారు. కాగితం మడిచిన చప్పుడు వినిపించింది.

పెడనకు ఆయనే నన్ను బస్సులో తీసుకొచ్చి, అరుగు దాకా దిగబెట్టి, లోపలికి రాకుండా వెళ్ళిపోయారు. మధ్యాహ్నం భోజనాల వేళ. వదిన నన్ను చూసింది, నా నడక చూసింది. చెయ్యి పట్టుకుని పీట మీద కూర్చోబెట్టింది. అన్నయ్య నా పక్కన ఉన్నాడు, అతని ఊపిరి వినపడుతోంది. వదిన అన్నం వడ్డించింది, పప్పు వేసింది, గోంగూర ఎడమపక్కన పెట్టానని చెప్పింది.

"నీ రెండో కన్ను కూడా పెట్టావంటగా," అన్నాడు అన్నయ్య.

"పెట్టాను."

"నేను ఎట్టాగైనా తెలుసుకోమంది ఇట్టా కాదే," అన్నాడు. ఎవరూ అన్నం కలపలేదు.

"నాదెంతొచ్చింది నాంచారీ?" వదినే అడిగింది.

నాలుగేళ్ళుగా వేలమందికి అంకెలు చెప్పాను. అన్నీ తప్పులే, అన్నీ ధైర్యంగా చెప్పాను. ఈ ఒక్కటి మాత్రం నిజమని నాకు తెలుసు.

"నాలుగువందల డెబ్బై ఒకటి వదినా."

"అంటే ఎక్కువేనా?"

"కాదు వదినా. చాలదు."

ఆమె గరిటె గిన్నెలో పెట్టిన చప్పుడయింది.

"ఎన్నాళ్ళుంటది?"

"ఏడాది. ఆ పైన ఇంకో నాలుగు నెలలు ఉండొచ్చు."

"అయితే ఆలోపల ఇంట్లో ఏది ఎక్కడుందో మనం ముగ్గురం నేర్చేసుకోవాలి," అంది వదిన. నా చెయ్యి తీసుకుని పళ్ళెం మీద పెట్టింది. "ఇదిగో, ఇది అన్నం. నీళ్ళు నీ కుడిచేతి పక్కన పెట్టా."

నేను తినలేకపోయాను. పక్కన అన్నయ్య చెయ్యి నీళ్ళ చెంబు కోసం వెతుకుతోంది.